బుధవారం నాటి కొలత

పశువుల ఆసుపత్రి హాజరుపట్టీలో ఆమెకు ఒక పేరుండేది. ఆ పట్టీ దాటి అది ఎప్పుడూ బయటికి రాలేదు. అందరూ ఆమెను డెబ్భైరెండమ్మ అనేవారు. కొత్తగా చేరినవాళ్ళు అది ఆమె వయసనుకుని, "ఈ వయసులో కూడా ఎంత చలాకీగా ఉన్నారండీ" అని మెచ్చుకుని, పక్కవాళ్ళు మోచేత్తో పొడిచాక నాలుక కరుచుకునేవారు. అప్పటికి ఆమెకు యాభైమూడు కూడా నిండలేదు.

పేరు వెనక సంగతి చిన్నదే. ఆవుకు క్షయ ఉందో లేదో తేల్చడానికి మెడమీద బొటనవేలంత మేర వెంట్రుకలు గొరుగుతారు. అక్కడి చర్మాన్ని మడతపట్టి, కాలిపర్ అనే ఇనుప పరికరంతో దాని మందం కొలిచి రాసుకుంటారు. చుక్క మందు చర్మంలోకి ఎక్కించి వెళ్ళిపోతారు. సరిగ్గా డెబ్భైరెండు గంటలయ్యాక వచ్చి అదే మడతను మళ్ళీ కొలుస్తారు. నాలుగు మిల్లీమీటర్లో అంతకు మించో లావెక్కితే ఆవు ఒంట్లో క్షయ కాపురం పెట్టినట్టే. రెండు లోపు అయితే లేనట్టు. ఆ మధ్యలో ఉంటే కొన్నాళ్ళాగి మళ్ళీ చూడాలి. ఇంతే విద్య. కాకపోతే గంటలు తప్పకూడదు. ముందొస్తే వాపు ఇంకా పూర్తిగా లేవదు, ఆలస్యమైతే దిగిపోతుంది.

అందుకే కొత్తవాళ్ళకు పాఠం చెప్పేటప్పుడు ఆమె బల్ల చరిచి మరీ చెప్పేది. "వానొచ్చినా డెబ్భైరెండే, వరదొచ్చినా డెబ్భైరెండే, మీ అత్తగారు పోయినా డెబ్భైరెండే!" ఒకమ్మాయి ఇంటికి పోయి ఈ పాఠం పైకి వల్లెవేసి, అత్తగారితో వారం రోజులు మాటలు లేకుండా చేసుకుందట.

ఆమె భర్త దర్జీ. ముందుగదిలోనే మిషను, కత్తెర, మెడలో టేపు. హాస్యం పాలు ఎక్కువ. "పెళ్ళి చేసుకుంటావా అని నేను సోమవారం అడిగితే గురువారం దాకా జవాబు చెప్పలేదండీ. నాలో ఎక్కడైనా వాపు లేస్తుందేమోనని చూసుంటుంది" అని గిరాకీలతో చెప్పి నవ్వించేవాడు. ఆమె నవ్వేది కాదు గానీ, ఆ మాట ఎవరైనా మళ్ళీ చెప్పించుకుంటుంటే చెవులు అటే ఉండేవి.

నిజానికి ఆమెకు కొలతకంటే ఆరా తీయడమే ఇష్టం. ఎక్కడో ఒక పశువుకు జబ్బు తేలిందనుకోండి, అది ఎక్కడినుంచి వచ్చింది, ఎవరి తొట్టిలో నీళ్ళు తాగింది, ఎవరి పక్కన పడుకుంది, దాని దూడ ఎవరింటికి పోయింది, ఇదంతా వెనక్కీ ముందుకీ తవ్వుకుంటూ పోవాలి. అలాంటప్పుడు ఇంట్లో నేలమీద పెద్ద కాగితం పరిచి, భర్త గుడ్డలమీద గీతలు గీసే సుద్దతో ఇళ్ళు, దొడ్లు, వాటిమధ్య బాణాలు గీసేది. భోజనానికి పిలిస్తే వినపడేది కాదు. కాగితం చివర "ఇదిగో, ఇక్కడ" అని ఆమె వేలు పెట్టి చూపిన చోట ఎప్పుడూ ఎవరో ఒకరి నిర్లక్ష్యం ఉండేది. కొత్త ఆవును పరీక్ష లేకుండా మందలో కలిపినవాడో, దగ్గుతున్న దున్నను దాచినవాడో. అలాంటివాళ్ళకు ఆమె పెట్టే గడ్డి పశువులు కూడా తినలేవని ఆసుపత్రిలో చెప్పుకునేవారు. మంచి మనిషే. తప్పంటే పడని మనిషి. తప్పు చేసేవాళ్ళు వేరే జాతి అని ఎక్కడో లోపల అనుకునే మనిషి కూడా, ఆ మాట దాచడం దేనికి!

ఒక శుక్రవారం పొద్దున కబేళా ఇన్‌స్పెక్టరు ఫోను చేశాడు.

"అమ్మా, ఇక్కడ ఒక ఆవు ఊపిరితిత్తుల్లో గడ్డలు. కోస్తుంటే కత్తి కరకరమంటోంది, లోపల ఇసక ఉన్నట్టు. ఇవ్వాళా నిన్నా పుట్టినవి కావు. రెండు మూడేళ్ళ పాతవి."

"చెవి ట్యాగు చదవండి."

ఆయన నంబరు చదివాడు. చివరి మూడంకెలు నాలుగు, ఒకటి, ఏడు. ఆమె రిజిస్టరు తిప్పింది. వేలు వెళ్ళి ఆగిన పేరు చూసి ఆమెకు ఉసూరుమనిపించింది. అది పాలవదిన ఆవు.

బస్సు డిపో వెనక సందులో పాలవదిన ఇల్లు. భర్త పోయి ఎనిమిదేళ్ళు. కొడుకు లారీ నడుపుతూ నెలకు ఇరవై రోజులు రోడ్లమీదే ఉంటాడు. ఇంట్లో ఆమే, కోడలూ, షెడ్డులో ఎనిమిది ఆవులూ. పొద్దునా సాయంత్రం పాలకేంద్రంలో పాలు పోస్తుంది. ఆ కేంద్రం జాబితాలో ఆమె పేరు మూడోది, అంటే మొదటినుంచీ ఉన్నవాళ్ళలో ఒకతె. డెబ్భైరెండమ్మకూ ఆమెకూ ఏ చుట్టరికమూ లేకపోయినా పదిహేనేళ్ళుగా ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. పరీక్షకు వెళ్ళినప్పుడల్లా పాలవదిన ఆవు పలుపు ఇంకెవరికీ ఇవ్వదు. తనే తల పట్టుకుని, ఆవు చెంపకు తన చెంప ఆనించి, చెవిలో ఏదో గొణుగుతూ నిలబడుతుంది. సూది దిగినా ఆవుకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

కబేళాకు వెళ్ళిన ఆ ఆవు ముఖం నిండా తెల్లమచ్చ, అందుకే బొల్లి అనేవాళ్ళు. రెండున్నరేళ్ళ క్రితం వేరే ఊరినుంచి కొని తెచ్చింది. ఎండిపోయి, చిక్కిపోయి, ఇక చూడి కట్టదని తెలిశాక అమ్మేసింది.

"వదినా, నీ బొల్లికి క్షయ" అని ఆ మధ్యాహ్నం ఆమె చెప్పినప్పుడు పాలవదిన చేతిలోని గడ్డిమోపు కిందపడింది.

"మరి ఇవి?" అంది షెడ్డువైపు చూసి.

"అదే చూడాలి. సోమవారం వస్తాను."

సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఎనిమిది ఆవులకూ సూది వేసింది. గురువారం ఎనిమిదింటికి వచ్చి కొలిచింది. ఆరు ఆవులకు ఏమీ లేదు. ఎర్రావు మెడమీద చెయ్యి పెట్టగానే తేడా తెలిసిపోయింది. ఏడు మిల్లీమీటర్ల మడత పదమూడైంది. ఇంకా ఈనని పడుచు పెయ్య ఒకటి, దాని మడత ఏడునుంచి పన్నెండైంది.

"ఎంత వదినా?" అని అడిగింది పాలవదిన. చెప్పింది. పాలవదిన ఏడవలేదు. పెయ్య మెడకింద గోకుతూ, "దీనికి పేరైనా పెట్టలేదు ఇంకా" అంది.

ఆ రెండింటినీ వేరుచేసి పంపేశారు. మిగిలిన ఆరూ రెండు నెలల ఎడంతో రెండుసార్లు పరీక్షలో నెగ్గేదాకా పాలు బయటికి పోకూడదు. అలాగని పితక్కుండా ఉండలేరు కదా, పొదుగు పాడవుతుంది. రెండుపూటలా పితికి, పెరట్లో తవ్విన గోతిలో మందునీళ్ళు కలిపి పారబోయాలి. ఆరోగ్య కేంద్రంవాళ్ళు వచ్చి అత్తాకోడళ్ళకు కళ్ళె పరీక్ష చేశారు. పాలు కాచకుండా చుక్క తాగని ఇల్లు కాబట్టి ఎవరికీ ఏమీ లేదని తేలింది. ఇంతవరకూ కష్టమే గానీ, నాలుగైదు నెలలు పళ్ళబిగువున గడిపితే గట్టెక్కే కష్టం.

శనివారం పొద్దున పశువుల ఆసుపత్రి పెద్ద డాక్టరు డెబ్భైరెండమ్మను వెంటబెట్టుకుని జీపు దిగాక అది ఇంకో రకంగా మారింది.

పెద్ద డాక్టరు చెడ్డవాడు కాదు, తొందరమనిషి. కబేళానుంచి వచ్చిన ఫోటోలు చేతిలో పట్టుకుని షెడ్డులో నిలబడి అడిగాడు. "ఏమ్మా, ఈ ఆవు చెవికి రెండు కంతలున్నాయేం? ఒకటి చిరిగి ఉంది. ట్యాగు రెండోదాంట్లో ఉంది."

"కంచెకు తగిలి చిరిగిందండి. ట్యాగు కిందపడితే నేనే ఇంకో కంత చేసి పెట్టాను. లేకపోతే వదిన కేకలేస్తుంది కదండీ, ట్యాగు ఏదీ అని."

"ఎవరికీ చెప్పకుండానా?"

"పోలేదు కదా, పెట్టేశాను కదా అనుకున్నానండి."

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆయన లెక్క ఆయనకు సాఫీగానే ఉంది. గడ్డలు పాతవి, అంటే ఆవు ఇక్కడికి వచ్చేనాటికే జబ్బుది. పుస్తకంలో మాత్రం ఆ ఆవు వచ్చిన వారంలోనే పరీక్ష జరిగి, జబ్బు లేదని ఉంది. రెండూ నిజమైతే పరీక్షకు నిలబెట్టిన ఆవు ఒకటీ, చచ్చిన ఆవు ఇంకొకటీ అయ్యుండాలి. ఆరోగ్యంగా ఉన్నదాని ట్యాగు తీసి జబ్బుదాని చెవికి తగిలించారన్నమాట. అలా చేసినవాళ్ళ పేరు పాలకేంద్రం జాబితాలోంచి శాశ్వతంగా కొట్టేస్తారు. మళ్ళీ ఎక్కడా పాలు పోయలేరు.

"పరీక్ష తప్పు అయ్యుండొచ్చు కదండీ" అంది కోడలు గుమ్మంలోంచి.

"పరీక్ష చేసింది ఈవిడమ్మా" అన్నాడు డాక్టరు డెబ్భైరెండమ్మ వైపు చూపించి. "ఈవిడ కొలత తప్పిందంటే నేను నమ్మను. ఏమంటారు?"

ఆమె తల ఊపింది. ఊపినప్పుడు ఒక్క క్షణం గర్వంగా కూడా అనిపించింది. పాలవదిన ఆమె ముఖంలోకి చూసింది, ఏదో అడగబోయినట్టే ఉంది, అడగలేదు. డాక్టరు నివేదికకు పై సోమవారం కాక ఆపై సోమవారం గడువు పెట్టుకుని, పాత పరీక్ష వివరాలన్నీ రాసివ్వమని ఆమెకు పురమాయించి జీపెక్కాడు.

ఆ సాయంత్రం ఆమె రిజిస్టరు ఇంటికి తెచ్చుకుని, ముందుగదిలో దీపం వేసుకుని కూర్చుంది. భర్త మిషను మీద కాలర్లు కుడుతున్నాడు. బొల్లి పేజీ తీసింది. సూది వేసింది సోమవారం. కొలిచింది గురువారం. పెరిగింది ఒకటిన్నర మిల్లీమీటరు. కింద తన సంతకం. తేదీని డాక్టరుకు ఇవ్వాల్సిన కాగితంలోకి ఎక్కిస్తూ, ఈ తేదీ ఎక్కడో చూశానే అనుకుంది. తల ఎత్తింది.

ఎదురుగోడమీద ఫోటో. కూతురు నర్సు చదువు ముగించి పట్టా అందుకున్న రోజు, ముగ్గురూ నిలబడి తీయించుకున్నది. వెనక కాలేజీవాళ్ళు కట్టిన గుడ్డమీద పెద్ద అక్షరాలతో తేదీ. ఈ ఊరికి ఆరు గంటల ప్రయాణం దూరంలో, సరిగ్గా అదే గురువారం, ఆమె కొత్త చీర కట్టుకుని నవ్వుతోంది.

ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. బుధవారం సాయంత్రం బస్సుకు వెళుతూ, దారిలోనే కదా అని వదిన షెడ్డులోకి దూరింది. డెబ్భైరెండుకు ఇంకా పద్నాలుగు గంటలు తక్కువ. ఒక్క పూటకు ఏం మునిగిపోతుందిలే అనుకుంది. కొలిచింది, వాపు అంతగా లేదు. మర్నాటి తేదీ వేసి సంతకం పెట్టింది. అప్పటిదాకా విడిగా కట్టేసిన బొల్లిని మందలో కలుపుకోవచ్చని కూడా తనే చెప్పింది. ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయింది. గుర్తుపెట్టుకోవాల్సినంత విషయమని కూడా ఆమెకు తోచలేదు.

"ఏమైందోయ్, అలా కొయ్యబారిపోయావ్?" అన్నాడు భర్త.

"ఏం లేదు" అంది.

ఇక్కడినుంచి ఆమెను మెచ్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆదివారం తనకు తాను చెప్పుకుంది, జబ్బు తర్వాత తగిలి ఉండొచ్చని. గడ్డల వయసు ఇన్‌స్పెక్టరు కత్తితో చెప్పాడు గానీ గడియారంతో చెప్పలేదు కదా అని. సోమవారం మరో సాకు దొరికింది, ఆనాడు గురువారం దాకా ఆగినా ఆ కొలత మారేది కాదేమోనని. మంగళవారం వచ్చేసరికి అసలు భయం తల ఎత్తింది. ఒక్క పేజీలో దొంగ తేదీ ఉందని తెలిస్తే మిగతా పేజీలను ఎవరు నమ్ముతారు? ఇరవయ్యారేళ్ళ రిజిస్టర్లు తిరగేస్తారు. తను పాఠం చెప్పిన పిల్లలు ఆ పుస్తకాలను ఎదురుగా పెట్టుకుని, తన సంతకం కింద తమ వేళ్ళు పెడతారు. తలుచుకుంటేనే తల కొట్టేసినట్టు ఉండేది.

ఇంకో చిక్కు. వేరుచేసిన మందను రోజూ చూసి రావడం ఆమె ఉద్యోగం. రోజూ వెళ్ళింది. గుమ్మం దగ్గర మందునీళ్ళ తొట్టిలో బూట్లు ముంచి లోపలికి వెళ్ళి, తొట్లు కడిగారో లేదో, గోతిలో మందు పడుతోందో లేదో చూసి, కాగితం మీద టిక్కు పెట్టి వచ్చింది. పాలవదిన నిండు తప్పేలా ఎత్తి గోతిలో పారబోస్తుంటే, ఆ తెలుపు మందునీళ్ళలో కలిసి విరిగిపోవడం చూసింది. కోడలు ఆమె వచ్చినప్పుడల్లా తలుపు ధడాలున వేసుకునేది. సందులో అప్పటికే మాట పాకిపోయింది. "ట్యాగు మార్చిన ఆవిడ" అంటున్నారు. ఒకింటివాళ్ళయితే పాలవదిన నడిచే వైపున నడవడం మానేశారు. పాలవదిన మాత్రం, "తొట్టి ఇంకోసారి కడగమంటావా వదినా?" అని మామూలుగానే అడిగేది. ఆ మామూలుతనమే ఆమెకు గొంతులో ముల్లయింది. మింగనూ లేదు, కక్కనూ లేదు.

ఎనిమిదో రోజున, ఆదివారం మధ్యాహ్నం, భర్త ముందు కక్కేసింది. అతను మిషను ఆపాడు. హాస్యం ఆడతాడేమోనని భయపడింది. ఆడలేదు.

"కొత్తలో ఒకాయన కోటు గుడ్డ తెచ్చిచ్చాడు" అన్నాడు. "చెయ్యి కొలత ఒక అంగుళం తక్కువ రాసుకున్నాను. కుట్టాక పొట్టిదైంది. గుడ్డ మీరే తక్కువిచ్చారని నలుగురిలో ఆయన్నే దబాయించాను. పాపం, నిజమే కాబోలు అనుకుని పొట్టి కోటు వేసుకునే తిరిగాడు. ఇరవై ఏళ్ళయింది. ఇప్పటికీ ఆయన ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి పోయేది నేనే."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నీకా? నీకు చెప్పి బతకగలనా?"

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. ఇంతకాలం తనతో కాపురం చేసిన మనిషి ఒక అంగుళం తప్పును తన దగ్గర ఇరవై ఏళ్ళు దాచుకున్నాడు. ఇంట్లో తనంటే అంత భయం ఉందని ఆమెకు ఇంతవరకూ తెలియదు. లేచి వెళ్ళి గోడమీది ఫోటో దించింది. వెనక అట్ట ఊడదీసి ఫోటోను బయటికి తీసింది.

సోమవారం పొద్దున పెద్ద డాక్టరు బల్లమీద ఒక ఉత్తరమూ, దానికి గుండుసూదితో గుచ్చిన ఆ ఫోటోవూ ఉన్నాయి. ఆయన రెండుసార్లు చదివాడు. ఫోటో వెనక్కు తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పాడు.

"మీరు ఆలోచించే రాశారా అమ్మా? ఈ ఒక్క పేజీ కోసం మీ పుస్తకాలన్నీ తెరవాల్సొస్తుంది."

"తెరవండి సార్."

"ఆవిడ చెప్పకుండా ట్యాగు పెట్టుకోవడం కూడా తప్పే కదా. నివేదిక అలాగే వెళ్ళినా..."

"అది హెచ్చరించి వదిలేసే తప్పు సార్. ఆవిడ ఆవునేమీ మార్చలేదు. నేనే తేదీ మార్చాను. ఆవిడ మందలోకి జబ్బు నా సంతకం మీదే వచ్చింది."

ఆయన పెన్ను మూత తీశాడు. తర్వాత నివేదికలో రెండు పేరాలు కొట్టేసి కొత్తగా రాశాడు. పాలవదిన పేరు జాబితాలో ఉంటుంది, మంద నెగ్గాక పాలు పోసుకోవచ్చు. డెబ్భైరెండమ్మ విచారణ తేలేదాకా పరీక్షలు చేయకూడదు. "కాలిపర్ ఇచ్చేసి వెళ్ళండి" అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. ఆమె సంచిలోంచి తీసి బల్లమీద పెట్టింది. ఏళ్ళ తరబడి వేళ్ళు రాసుకుని దాని పిడి నున్నబడిపోయింది. బయటికొచ్చాక సంచి తేలికగా ఉండడం కొత్తగా అనిపించింది.

విచారణలో తేలినదేమిటో ఇప్పుడే చెప్పేస్తే పోతుంది. ఇరవయ్యారేళ్ళ పుస్తకాల్లో ఇంకో దొంగ తేదీ దొరకలేదు. అయినా ఆమెను మళ్ళీ పరీక్షలకు పంపలేదు, ట్యాగుల లెక్క రాసే గదిలో కూర్చోబెట్టారు. ఆమె అడగనూ లేదు. అవన్నీ తర్వాతి మాటలు. ఆ సోమవారం ఆమెకు మిగిలిన పని ఒకటే. అది డాక్టరు ముందు నిలబడడం కంటే కష్టమని దారంతా అనిపిస్తూనే ఉంది.

సాయంత్రం పాలు పితికే వేళకు వెళ్ళింది. పాలవదిన చిన్న పీటమీద కూర్చుని, నుదురు ఆవు డొక్కకు ఆనించి పితుకుతోంది.

"వదినా, నీ పేరు తీసెయ్యడం లేదు. డాక్టరు గారు మార్చి రాశారు" అంది ఆమె నిలబడే.

పాలవదిన చేతులు ఆగాయి. "నిజంగా?"

"నిజంగా. తప్పు నాది. ఆ రోజు బొల్లిని కొలవడానికి నేను గురువారం రాలేదు. బుధవారమే వచ్చాను."

"వచ్చావు" అంది పాలవదిన.

"నీకు గుర్తుందా?"

"ఉండకేం? కొత్త చెప్పులు వేసుకొచ్చావు. పేడ అంటుతుందని గుమ్మంలో విడిచి ఉత్తకాళ్ళతో లోపలికొచ్చావు. రేపు కదా రావాలి అంటే, మా అమ్మాయి పట్టా తీసుకుంటోంది వదినా, ఒక్క పూటకేం కాదులే అన్నావు. ఆ తల పట్టుకున్నది నేనే కదా."

"మరి డాక్టరు గారు అంతమాట అన్నప్పుడు నోరు విప్పలేదేం?"

"విప్పితే ఏమయ్యేది? నీ పుస్తకంలో గురువారం అని ఉంది. నాది ఉత్త నోటిమాట. పైగా చెవికి రెండు కంతలు." పాలవదిన మళ్ళీ పితకడం మొదలుపెట్టింది. "మా కోడలు ఒకటే పోరు, వెళ్ళి నిలదియ్యి, అరువు అని. నేనే ఊరుకోమన్నాను. పాపం మరిచిపోయి ఉంటుంది, గుర్తొచ్చిన రోజున తనే పరుగెత్తుకొస్తుంది, ఆవిడ అలాంటిది అన్నాను. ఇదిగో, వచ్చావు."

ఆమె అక్కడే ఆగిపోవచ్చు. వదిన చెప్పినట్టే ఇవాళే గుర్తొచ్చిందంటే సరిపోతుంది. తేదీని ఒక రోజు జరిపినట్టే ఇదీ. ఎవరికీ తెలియదు.

"ఇవాళ కాదు వదినా. గుర్తొచ్చి తొమ్మిది రోజులైంది."

పాల ధార ఆగిపోయింది. పాలవదిన తల తిప్పి ఆమెను చూసింది.

"తొమ్మిది రోజులా?"

"ఊఁ."

"ఈ తొమ్మిది రోజులూ సందులో నన్ను దొంగ అన్నారు. నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే రోజూ వచ్చి తొట్టి చూసి పోయావు."

"పోయాను."

పాలవదిన కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. రెండు ఆవులు పోయినప్పుడు రానివి ఇప్పుడొచ్చాయి. ముంజేత్తో తుడుచుకుని ఇంటివైపు వేలు చూపించింది.

"వెళ్ళు. ముందు మా కోడలికి చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు, తొమ్మిది రోజులనీ చెప్పు. తర్వాత సందులోవాళ్ళకు. ఒక్క ఇల్లూ వదలకు."

ఆమె వెళ్ళింది. కోడలు అంతా విని, ఈసారి తలుపు మెల్లిగా వేసుకుంది. ఆమె సందులోకి నడిచింది. ఒక్కో గుమ్మం ముందు ఆగి, పాలవదిన ట్యాగు మార్చలేదనీ, ఆవు అదేననీ, తప్పు తేదీ వేసింది తాననీ చెప్పింది. కొందరు "అయ్యో" అన్నారు. దుకాణం ముసలాయన "పోనీలేమ్మా, మేమెవరమూ నమ్మలేదు" అన్నాడు. ఆ సందులో ఎవరూ నమ్మలేదట, అయినా మాట అన్ని ఇళ్ళకూ ఎలా చేరిందో ఎవరికీ తెలియదట. ఒకామె మాత్రం ముఖం మీదే, "ఇంత వయసొచ్చి ఇదేం పనమ్మా" అంది. ఆమె "అవునమ్మా" అని పక్కింటికి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. పాలవదిన తప్పేలాలు బోర్లిస్తోంది.

"ఎన్ని ఇళ్ళు?"

"పదకొండు."

"డిపో గేటు దగ్గర కాపలావాడికి?"

"చెప్పలేదు."

"డాక్టరు వచ్చిన రోజు గోడ అవతల నిలబడి విన్నది వాడే. నన్ను దొంగ అని మొదట అన్నదీ వాడే."

ఆమె వెనక్కు తిరిగింది. నాలుగడుగులు వేసిందో లేదో పాలవదిన వెనకనుంచి కేకేసింది.

"ఆగు. చేతులు కడుక్కుని నేనూ వస్తాను. నువ్వు చెబుతుంటే వాడి ముఖం నేను చూడాలి."